పదకొండో గడి

ఆ రాత్రి ఫోనెత్తింది నేనే.
గ్రిమ్స్‌బీ రేవులో చేపల పెట్టెలు దించే వేళ,
రెండూ నలభై.
టీ అప్పటికే చల్లారింది.
అవతల ఊపిరి. ఏదో పగిలిన చప్పుడు.
మళ్లీ ఊపిరి.

పేరడిగాను. లెతెబ్రహాన్ అంది.
రెండుసార్లు చెప్పించుకుని కూడా తప్పుగానే రాశాను.
"ఎవరు కొడుతున్నారు?"
"ఇంట్లో మనిషి."
"ఇప్పుడెక్కడున్నాడు?"
"తలుపు అవతల."

ఫారంలో పదకొండో గడి: ఏ దేశం, ఏ కాగితాలు.
ఖాళీగా వదిలితే తెర ముందుకు కదలదు,
అంచు ఎర్రబడి నా వంకే చూస్తుంది.
"ఏ దేశమమ్మా నీది?" అన్నాను.
దుబాసీని పిలవడానికే అడిగాను.
ఒట్టు, అందుకే.
ఆమె చెప్పింది. నేను నింపాను.
తెర కదిలింది.

ఆ రెండు ముక్కలు తీగ వెంట ఎటు పోయాయో
ఎవరి బల్లమీద వాలాయో అప్పుడు నాకు తెలియదు.
ఇద్దరు పోలీసులు వెళ్లారట.
ఫెస్సహాయె తలుపు తీసి
బూట్లు విప్పక్కర్లేదన్నాడట, మర్యాదస్తుడు,
తన వీసా కార్డు చూపించాడట.
ఆమె మణికట్టు చూపించింది.
"కాగితాలు?" అన్నారు.

ఆశ్రయం కోరుతూ పెట్టిన అర్జీ రసీదు
అతని కోటు లోపలి జేబులో ఉంది.
పెళ్లయిన వారం నుంచీ అక్కడే ఉంది.
కొట్టినవాడు ఇంట్లో పడుకున్నాడు.
దెబ్బలు తిన్నామె వ్యానెక్కింది.

విమానాల రొద కింద, కిటికీ తెరుచుకోని గదిలో
డెబ్బై మూడు రాత్రులు.
కట్టు ఆలస్యంగా కట్టారు. ఎముక తన ఇష్టానికి అతుక్కుంది.

మూడేళ్లకు విచారణ.
టౌన్‌హాలు పై అంతస్తులో హీటరు పనిచేయక
అందరం కోట్లతోనే కూర్చున్నాం.
"సమాచారం పంపడం మా విధి, పట్టుకోమని మేం చెప్పలేదు"
అన్నాడు పోలీసు పెద్ద.
"పట్టుకోవడం మా విధి, పంపింది వాళ్లు"
అంది హోంశాఖ వకీలు.
కేంద్రం నడిపే కంపెనీవాడు
మాది తాళం వరకేనన్నాడు.
పొయ్యి మీంచి దించిన గిన్నె
ఎవరి చేతిలోనూ క్షణం ఆగలేదు.
మంత్రి రాలేదు, ఉత్తరం వచ్చింది.
అందులో పాఠాలు అన్న మాట ఆరుసార్లు.
లెక్కపెట్టాను. అక్కడ నాకు వేరే పనేముంది?

"విల్మా గోథార్డ్" అని పిలిచారు. నా వంతు.
రికార్డింగు నలభై సెకన్లు వినిపించి
ఇక చాలన్నాడు ఎవరో.
అప్పుడు లేచింది ఆమె.
అన్నాళ్లూ నాకు గొంతు మాత్రమే. ఇప్పుడు
పొట్టి మనిషి, ఆవపువ్వు రంగు కోటు,
కాస్త పక్కకి తిరిగిన ఎడమచేయి.
"మిగతాది కూడా" అంది.
దుబాసీ కోసం ఆగలేదు.

మిగతాది నాలుగు నిమిషాల పంతొమ్మిది సెకన్లు.
అందులో ఎక్కువ భాగం నేనే.
"భయపడకు తల్లీ, బయల్దేరారు.
వాళ్లొచ్చాక నీకేం కాదు.
నేను మాటిస్తున్నా."
హాల్లో ఎవరూ దగ్గలేదు.
నా గొంతు అంత మెత్తగా ఉంటుందని నాకే తెలియదు.
ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు.
ఓహో, ఈ గొంతుకి ముఖం ఇదా అన్నట్టు.

నివేదిక వసంతానికి వస్తుందట.
ఏ వసంతమో చెప్పలేదు.

నిన్న రాత్రి మళ్లీ డ్యూటీ.
తెర రంగు మార్చారు, కొత్త అక్షరాలు వేశారు.
పదకొండో గడి ఎక్కడిదక్కడే ఉంది.
ఫోను మోగింది. అడ్రసు అడిగాను, దెబ్బలెక్కడో అడిగాను.
గడిలో "అడగలేదు" అని కొట్టాను.
అంచు ఎర్రబడింది.
మళ్లీ అదే కొట్టాను. మళ్లీ ఎరుపు.
చిత్తుకాగితం మీద అడ్రసు రాసి
హెడ్‌సెట్టు తీగ సాగినంత మేర వంగి
బండ్లు పంపే డెరిక్ బల్లమీద చేత్తో పెట్టాను.
"ఇదేంటి?" అన్నాడు.
"ఇల్లు" అన్నాను. "వెళ్లమను."

అవతల ఎవరో తలుపుకి కుర్చీ అడ్డం జరుపుతున్నారు.
కుర్చీ కాళ్లు నేలమీద కీచుమన్నాయి.
"ఉన్నాను" అన్నాను.
అంతకు మించి ఈసారి
ఏ మాటా ఇవ్వలేదు.